కుక్క పళ్ళు ఊడకుండా కాపాడుకోవడం ఎలా: పాలపళ్ళ నుంచి ముసలితనం దాకా

పెద్దదైన కుక్క పన్ను ఊడి గిన్నెలోనో పరుపు మీదనో కనిపించినప్పుడు చాలామంది, వయసు మీద పడింది కదా అని సరిపెట్టుకుంటారు. ఆ ఆలోచన సరికాదు. పాలపళ్ళు పోయాక వచ్చే పళ్ళు కుక్క బతికినంతకాలం నిలవవలసినవి. అవి వయసు వల్ల ఊడవు, జబ్బు వల్లనో దెబ్బ వల్లనో ఊడతాయి. అందులోనూ చాలావరకు చిగుళ్ళ జబ్బే కారణం. మూడేళ్ళు నిండేసరికే ఎక్కువ కుక్కల్లో ఈ జబ్బు ఏదో ఒక స్థాయిలో మొదలై ఉంటుంది. మా ఇంట పెరిగిన మొదటి కుక్క నోటి నుంచి వచ్చే వాసనను, కుక్క నోరంటే అంతేనని ఏళ్ళ తరబడి అనుకున్నాం. పశువైద్యుడు దాని పెదవి ఎత్తి చూపించిన రోజున తీసేయవలసిన పళ్ళు ఏడు తేలాయి. అన్నాళ్ళూ అది నొప్పితోనే తిన్నది, నొప్పితోనే తోక ఊపింది. ఆ తప్పు మీ ఇంట జరగకూడదన్నదే నా కోరిక.

ముందుగా వయసు చూడండి

ఊడిన పన్ను గురించి కంగారు పడాలో లేదో తేల్చేది కుక్క వయసే. కూనలకు మూడు, నాలుగు వారాల వయసులో పాలపళ్ళు మొలవడం మొదలవుతుంది, అవి మొత్తం 28. సుమారు నాలుగో నెలలో ఇవి ఊడడం మొదలై, ఆరేడు నెలలకు 42 శాశ్వత దంతాలు వచ్చేస్తాయి. వాటిలో ముందు పళ్ళు 12, కోరలు 4, వాటి వెనుక వరుసగా ఉండే చిన్న దవడ పళ్ళు 16, నమిలే పెద్ద దవడ పళ్ళు 10. పై వరుసలో 20, కింది వరుసలో 22 ఉండాలి. నాలుగైదు నెలల కూన బొమ్మను కొరికినప్పుడు దాని మీద కాస్త రక్తం కనిపించినా, నేల మీద బియ్యపు గింజంత పన్ను దొరికినా భయపడనవసరం లేదు. చాలా పాలపళ్ళను కూనలు మింగేస్తాయి కాబట్టి ఒక్కటీ దొరకకపోవడం కూడా మామూలే.

ఈ వయసులో మీరు గమనించవలసింది ఊడిన పళ్ళను కాదు, ఊడకుండా మిగిలిన పళ్ళను. ఒకే చోట పాలపన్ను, శాశ్వత దంతం పక్కపక్కన నిలబడి ఉండకూడదు. పై దవడలో కొత్త కోర పాత కోరకు ముందు వైపున వస్తుంది, కింది దవడలో లోపలి వైపున, అంటే నాలుక పక్కన వస్తుంది. పాలకోర ఊడకుండా అడ్డం ఉంటే కింది కొత్త కోర లోపలికి ఒరిగి నోరు మూసినప్పుడల్లా అంగిలిలో గుచ్చుకుంటుంది. రెండు పళ్ళ మధ్య ఆహారం ఇరుక్కుని అక్కడి చిగురు చిన్న వయసులోనే పాడవుతుంది. చిన్న జాతి కుక్కల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. ఇటువంటి పంటిని ఇంట్లో లాగే ప్రయత్నం ఎంతమాత్రం చేయకండి. పాలకోర వేరు సన్నగా, పొడవుగా ఉండి తేలికగా లోపలే విరిగిపోతుంది, పక్కనే పెరుగుతున్న కొత్త పంటికి కూడా దెబ్బ తగులుతుంది. ఆలస్యం చేయకుండా పశువైద్యుడి చేత తీయించాలి.

ఏడు నెలలు దాటాక ఏదైనా పన్ను ఉండవలసిన చోట ఖాళీ కనిపిస్తే, అది అసలు పుట్టలేదో, ఎముకలోనే చిక్కుకుని ఉండిపోయిందో ఎక్స్‌రే ద్వారానే తెలుస్తుంది. లోపల చిక్కుకున్న పంటి చుట్టూ నీటితిత్తి పెరిగి దవడ ఎముకను తినేయగలదు. మూతి పొట్టిగా ఉండే జాతుల్లో ఈ విషయం మరింత జాగ్రత్తగా చూడాలి.

పెదవి ఎత్తి చూడడం నేర్చుకోండి

వారానికి ఒకసారి, కుక్క తీరుబడిగా ఉన్న సమయంలో, వెలుతురు బాగా ఉన్న చోట దాని పక్కన కూర్చోండి. ఎదురుగా నిలబడి మీదికి వంగితే చాలా కుక్కలు బెదురుతాయి. నోరు తెరిపించే పని లేదు. నోరు మూసి ఉండగానే బొటనవేలితో పై పెదవిని నెమ్మదిగా పైకి ఎత్తి, పెదవి మూలను వెనక్కి లాగితే దవడ పళ్ళ బయటి వైపు మొత్తం కనిపిస్తుంది. అక్కడ అన్నింటికంటే పెద్దగా, కొండ శిఖరం లాంటి మొనతో ఉండే పై దవడ పంటి మీద మీ చూపు నిలపండి. బుగ్గ లోపలి లాలాజల నాళం ఆ పంటి ఎదుటనే తెరుచుకుంటుంది కాబట్టి గార మొదట అక్కడే పేరుకుంటుంది. అది శుభ్రంగా ఉంటే మిగతా నోరు కూడా చాలావరకు బాగానే ఉందని అనుకోవచ్చు. అయితే ఒక వైపు చూసి ఆగిపోకుండా రెండో వైపు కూడా చూడాలి. రెండు వైపులకూ తేడా ఉంటే అదే ఒక లక్షణం. గార ఎక్కువ ఉన్న వైపుతో కుక్క నమలడం లేదని, అంటే అక్కడ నొప్పి ఉండవచ్చని దాని అర్థం.

ఆరోగ్యంగా ఉన్న చిగురు లేత గులాబి రంగులో, పంటిని కరుచుకుని, అంచు సన్నగా ఉంటుంది. కొన్ని కుక్కల చిగుళ్ళు పుట్టుకతోనే నల్లగా లేదా మచ్చలతో ఉంటాయి, అది జబ్బు కాదు. పంటి మొదట్లో దారంలా ఎర్రని గీత కనిపించినా, అంచు ఉబ్బి ఉన్నా, వేలు తగలగానే రక్తం వచ్చినా చిగుళ్ళ వాపు మొదలైనట్టే. ఈ తొలి దశ ఒక్కటే పూర్తిగా నయమయ్యే దశ.

ఎందుకో వివరంగా చెప్పడం అవసరం. తిన్న తరువాత కొద్ది గంటల్లోనే పంటి మీద సూక్ష్మజీవులతో కూడిన మెత్తని, జిగురైన పాచి ఏర్పడుతుంది. దాన్ని గుడ్డతోనైనా తుడిచేయవచ్చు. తుడవకుండా వదిలేస్తే లాలాజలంలోని ఖనిజాలు అందులో చేరి, రెండు మూడు రోజుల్లోనే అది గట్టిపడి పసుపు, గోధుమ రంగు గారగా మారుతుంది. గారను ఇక బ్రష్ కదిలించలేదు. కుక్క లాలాజలం మన లాలాజలం కంటే క్షారగుణం ఎక్కువగా ఉన్నది, అందువల్లనే కుక్కల్లో పిప్పిపళ్ళు అరుదు, గార మాత్రం త్వరగా పడుతుంది. కంటికి కనిపించే గార కంటే ప్రమాదకరమైనది చిగురు కిందికి దిగిన పాచి. అక్కడి సూక్ష్మజీవులు పంటిని ఎముకకు పట్టి ఉంచే నారలను, ఆ తరువాత ఎముకను కరిగిస్తాయి. పశువైద్యులు దీన్ని నాలుగు దశలుగా లెక్కిస్తారు: చిగుళ్ళ వాపు మొదటి దశ, పంటి పట్టులో నాలుగో వంతు లోపు పోతే రెండోది, నాలుగో వంతు నుంచి సగం దాకా పోతే మూడోది, సగానికి మించి పోతే నాలుగోది. పోయిన ఎముక దానంతట అది తిరిగి రాదు. పన్ను ఊడడం ఈ కథలో చిట్టచివరి ఘట్టం.

బ్రష్ చేయడం ఎలా

రోజూ బ్రష్ చేయడాన్ని మించిన సంరక్షణ ఇంట్లో మరొకటి లేదు. పాచి గట్టిపడడానికి రెండు మూడు రోజులు పడుతుందని తెలుసుకున్నాక, వారానికి ఒకసారి తోమితే ఎందుకు చాలదో వేరే చెప్పనక్కరలేదు. ప్రతిరోజూ చేయండి. కుదరని రోజులుంటే రోజు విడిచి రోజైనా తప్పించకండి.

చిగుళ్ళు ఇప్పటికే ఎర్రగా వాచి ఉంటే, పళ్ళు కదులుతుంటే, గార మందంగా ఉంటే ముందు వైద్యుడికి చూపించి శుభ్రం చేయించిన తరువాతే బ్రష్ మొదలుపెట్టాలి. నొప్పి ఉన్న నోటిలో బ్రష్ పెడితే కుక్క ఆ బ్రష్‌నూ, దాన్ని పట్టుకున్న చేతినీ శత్రువులుగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ భయాన్ని పోగొట్టడం మొదటిసారి అలవాటు చేయడం కంటే ఎన్నో రెట్లు కష్టం.

సామాగ్రి కొద్దిగా చాలు. కుచ్చు బాగా మెత్తగా ఉన్న చిన్న బ్రష్ ఒకటి, కుక్కల కోసం తయారైన టూత్‌పేస్ట్ ఒకటి. మనం వాడే పేస్ట్ కుక్కకు వాడకూడదు. కుక్క దాన్ని ఉమ్మివేయలేదు, మింగుతుంది. అందులోని ఫ్లోరైడ్, నురుగు వచ్చే పదార్థాలు కడుపును పాడుచేస్తాయి. కొన్ని పేస్టుల్లో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం అయితే కుక్క రక్తంలోని చక్కెరను ఒక్కసారిగా పడగొట్టి, కాలేయాన్ని దెబ్బతీసి ప్రాణం తీయగలదు. వంటసోడా, ఉప్పు కూడా వద్దు. పేస్ట్ దొరకకపోతే నీళ్ళలో తడిపిన బ్రష్ సరిపోతుంది, ఎందుకంటే పాచిని వదలగొట్టేది పేస్ట్ కాదు, కుచ్చు రాపిడి.

అలవాటు చేసే పనికి రెండు మూడు వారాలు కేటాయించుకోండి. మొదటి కొన్ని రోజులు పెదవి ఎత్తి, వదిలి, కుక్కకు ఇష్టమైనది ఏదైనా కొద్దిగా పెట్టండి, అంతకు మించి ఏమీ చేయకండి. తరువాత వేలికి పేస్ట్ రాసి నాకనివ్వండి, ఆపైన అదే వేలితో కోరల మీద, చిగుళ్ళ మీద సున్నితంగా రుద్దండి. కుక్క తల వెనక్కి తీసుకోకుండా దీన్ని ఒప్పుకున్నాక వేలికి మెత్తని గుడ్డ చుట్టి దవడ పళ్ళ వరకు వెళ్ళండి. బ్రష్ వంతు ఆ తరువాతే. ఏ దశలోనైనా కుక్క మూతి తిప్పుకున్నా, పెదవులు నాక్కుంటూ ఒళ్ళు బిగించినా, గుర్రుమన్నా అక్కడితో ఆపి, మర్నాడు ఒక మెట్టు కిందినుంచి మళ్ళీ మొదలుపెట్టండి. బలవంతంగా పట్టుకుని ఒక్కసారి తోమడం కంటే, పది క్షణాల పాటు దాని ఇష్టంతో తోమడం మేలు. ఈ ఓర్పు దగ్గరే చాలామంది వదిలేస్తారు.

తోమేటప్పుడు కుచ్చును పన్నూ చిగురూ కలిసే గీత మీద, 45 డిగ్రీల వాలుగా ఆనించి చిన్న చిన్న గుండ్రాలుగా కదపండి. గట్టిగా నొక్కకండి. బయటి వైపు తోమితే చాలు. లోపలి వైపును నాలుక చాలావరకు శుభ్రం చేస్తుంది, పైగా బుగ్గల వైపే గార ఎక్కువ పడుతుంది. పై దవడ వెనుక పళ్ళతో మొదలుపెట్టి కోరల మీదుగా ముందుకు రండి, ముందు పళ్ళను చివరకు వదలండి, అక్కడ కుక్కకు చక్కిలిగిలి ఎక్కువ. ఒక్కో వైపు అర నిమిషం సరిపోతుంది. పూర్తికాగానే కుక్కకు నచ్చిన పని చేయండి: ఆట కావచ్చు, షికారు కావచ్చు. రోజూ ఒకే వేళకు చేస్తే కుక్కే వచ్చి కూర్చోవడం కొద్ది నెలల్లో మీరు చూస్తారు.

నమలడానికి ఏవి ఇవ్వాలి, ఏవి ఇవ్వకూడదు

ఎముకలు నమిలితే పళ్ళు శుభ్రపడతాయన్న నమ్మకం చాలా పాతది. అందువల్ల విరిగిన పళ్ళు కూడా తక్కువేమీ కాదు. కుక్కకు బలమైన పై దవడ పంటి బయటి పలక, గట్టి వస్తువును కొరికినప్పుడు చెక్కలా లేచిపోతుంది. లోపలి గుజ్జు బయటపడితే ఆ పన్ను చెడినట్టే. దానికి రూట్ కెనాల్ చేయించాలి, లేదా తీయించాలి. అలాగే వదిలేయడం మూడో దారి కాదు. ఎముకలు, కొమ్ములు, గిట్టలు, రాళ్ళు, మంచుగడ్డలు, రాయిలాంటి నైలాన్ బొమ్మలు ఇవ్వకండి. ఏ వస్తువునైనా ఇచ్చే ముందు గోటితో నొక్కండి. గోరు దిగిన గుర్తు పడకపోతే అది కుక్క పంటికి మరీ గట్టిది. ఎప్పుడూ టెన్నిస్ బంతినే నమిలే కుక్కల పళ్ళు దాని నూగు రాపిడికి మొద్దుబారి అరిగిపోతాయి. విసిరి ఆడించి బంతిని తీసి దాచేయండి.

పళ్ళ కోసమని అమ్మే నమలుడు పుల్లలు, ప్రత్యేక ఆహారాలు కొన్ని నిజంగా పనిచేస్తాయి, చాలా వాటికి ఆధారం ఉండదు. వెటర్నరీ ఓరల్ హెల్త్ కౌన్సిల్ అనే సంస్థ 1997 నుంచి ఇటువంటి వాటి పరీక్షల ఫలితాలను పరిశీలించి, పాచిని లేదా గారను తగ్గిస్తాయని తేలిన వాటికి ముద్ర ఇస్తున్నది. ఆ ముద్ర ఉన్నవి ఎంచుకోండి. మామూలు పొడి ఆహారం పళ్ళను తోముతుందన్నది అపోహ. పంటి మొన తగలగానే ఆ గుళిక పగిలిపోతుంది, చిగురు అంచును తాకనే తాకదు.

ఏ లక్షణాలు కనిపిస్తే వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి

నొప్పిని దాచుకోవడం కుక్కల స్వభావం. తిండి మానలేదు కాబట్టి నొప్పి లేదనుకోకండి; పళ్ళు కదులుతున్న కుక్క కూడా ఆకలికి నమలకుండా మింగేస్తుంది. తింటూ ముద్దను నోట్లోంచి జారవిడవడం, ఒక్క వైపే నమలడం, గిన్నె దగ్గరికి ఆశగా వచ్చి వెనక్కి తగ్గడం, మూతిని పంజాతో రుద్దుకోవడం, చొంగలో రక్తపు చారలు, తల నిమరబోతే తప్పుకోవడం, ఇష్టమైన బొమ్మను ముట్టకపోవడం వంటివి కనిపిస్తే ఆ వారంలోనే చూపించాలి. నోటి దుర్వాసన ఒక్కటే ఉన్నా సరే, అది చాలినంత కారణం.

కొన్ని లక్షణాలు నోటివని తోచవు. కంటి కింద బుగ్గ ఉబ్బినా, అక్కడ పుండై చీము కారినా కంటి జబ్బనుకోవద్దు, మూడు వేర్లున్న, అన్నింటికంటే పెద్దదైన ఆ పై దవడ పంటి అడుగున చీము పట్టి ఉండే అవకాశమే ఎక్కువ. పై కోర వేరుకూ ముక్కు లోపలి భాగానికీ మధ్య ఎముక పల్చగా ఉంటుంది. అది కరిగితే నోటికీ ముక్కుకూ దారి ఏర్పడి, కుక్క ఎడతెగకుండా తుమ్ముతూ ఒక ముక్కు రంధ్రం నుంచి చీమిడి కారుస్తుంది. చిన్న కుక్కల కింది దవడ ఎముక బాగా అరిగిపోతే మంచం మీది నుంచి దూకినా విరగవచ్చు. మిగతా నోరంతా శుభ్రంగా ఉండి ఒక్క చోట మాత్రం పన్ను హఠాత్తుగా కదలడం మొదలైతే అక్కడ కంతి పెరుగుతున్నదేమో పరీక్షించాలి. చాలా పళ్ళు ఒకేసారి కదిలి దవడ మెత్తబడినట్టు అనిపిస్తే మూత్రపిండాల పరీక్ష కూడా అవసరం.

దెబ్బ తగిలి ఆరోగ్యకరమైన పన్ను వేరుతో సహా ఊడివస్తే, అది శాశ్వత దంతమైతే, క్షణం వృథా చేయకండి. పైభాగాన్ని పట్టుకుని ఎత్తండి. వేరును తాకకండి, రుద్దకండి, తుడవకండి. చల్లని పాలలో వేసి వెంటనే బయలుదేరండి. వేరు మీది నారలు బతికి ఉన్న కొద్ది సమయంలోనే, అంటే అరగంట నుంచి గంట లోపల, పంటిని తిరిగి నాటే అవకాశం బాగుంటుంది. పాలపన్నైనా, చిగుళ్ళ జబ్బుతో ఊడినదైనా తిరిగి నాటరు.

శుభ్రం చేయించేటప్పుడు అడగవలసినవి

పళ్ళను సరిగా శుభ్రం చేయాలంటే కుక్కకు పూర్తి మత్తు ఇవ్వాలి. ఈ మాట వినగానే భయపడి, మత్తు లేకుండా గార గీకి పంపే చోటికి వెళ్ళేవారున్నారు. వారి భయం నాకు అర్థమవుతుంది. కానీ మెలకువగా ఉన్న కుక్క చిగురు కిందికి పరికరాన్ని వెళ్ళనివ్వదు, జబ్బు ఉన్నది అక్కడే. పైన తెల్లగా మెరిసే పళ్ళ కింద ఎముక కరుగుతూనే ఉంటుంది, యజమాని మాత్రం నిశ్చింతగా ఉండిపోతాడు. మత్తు వల్ల వచ్చే ముప్పును తగ్గించే మార్గాలున్నాయి. ముందుగా రక్తపరీక్ష, గుండె పరీక్ష చేస్తారా, శ్వాసనాళంలో గొట్టం పెడతారా, మత్తులో ఉన్నంతసేపూ గుండెను, రక్తపోటును, ఒంటి వేడిని కనిపెట్టి ఉండడానికి వేరే మనిషి ఉంటారా అని అడగండి. గొట్టం పెట్టకపోతే నీళ్ళు, గార తునకలు ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉన్నది.

ఎక్స్‌రే తీస్తారా అన్నది కూడా తప్పక అడగండి. పంటిలో సగానికి పైగా చిగురు లోపలే ఉంటుంది. సన్నని కొలత పుల్లతో ప్రతి పంటి చుట్టూ చిగురు లోతు చూస్తారు. 3 మిల్లీమీటర్లు దాటితే చాలా కుక్కల్లో అది జబ్బు గుంట. గార తీశాక పాలిషింగ్ చేయాలి, లేకపోతే గరుకు మీద పాచి మరింత త్వరగా పడుతుంది. తీసేయవలసిన పళ్ళు తేలితే మిమ్మల్ని ఫోనులో సంప్రదిస్తారో, ముందే అనుమతి తీసుకుంటారో మాట్లాడుకోండి.

పన్ను తీయించిన తరువాత

మొదటి రోజు చొంగలో లేత ఎరుపు కనిపించడం సహజం. ఎర్రని రక్తం ఆగకుండా వస్తుంటే ఫోను చేయండి. సుమారు రెండు వారాలు మెత్తని ఆహారమే పెట్టండి. నమిలే బొమ్మలు, తాడు లాగే ఆటలు ఆపండి. కుట్లు చాలావరకు వాటంతట అవే కరుగుతాయి. వైద్యుడు ఇచ్చిన నొప్పి మందును కుక్క హుషారుగా కనిపిస్తున్నా మధ్యలో ఆపకండి. మన మందుల పెట్టెలోని ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ వంటివి ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకండి, వాటిలో కొన్ని చిన్న మోతాదులోనే కుక్కకు విషం. మిగిలిన పళ్ళను ఎప్పటి నుంచి తోమాలో తిరిగి చూపించే రోజున అడిగి తెలుసుకోండి.

ఎన్నో పళ్ళు, ఒక్కోసారి అన్నీ తీసేయవలసి వస్తే ఇక అది ఎలా తింటుందోనని యజమానులు కన్నీరు పెట్టుకుంటారు. బాగానే తింటుంది. కుక్క దవడలు మన దవడల్లా ఆహారాన్ని నూరవు, చీల్చి మింగుతాయి. చీల్చిన ఆహారాన్నే గిన్నెలో పెడితే పళ్ళ పని తీరిపోయినట్టే. పొడి ఆహారాన్ని గోరువెచ్చని నీటిలో మెత్తబడేదాకా నానబెట్టండి, గిన్నె అంచు తక్కువ ఎత్తుగా ఉండేది ఎంచుకోండి. కింది కోరలు లేని కుక్క నాలుక కొన్నిసార్లు పక్కకు జారి బయటే వేలాడి ఎండిపోతుంది. నీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉంచి, నాలుక కొన మీద పగుళ్ళు ఉన్నాయేమో చూస్తుండండి. పళ్ళు లేవు కదా అని పెదవి ఎత్తి చూడడం మానకండి. చిగుళ్ళ మీద, నాలుక కింద, అంగిలి మీద నెలకొకసారి చూపు సారించి, మానని పుండు ఏదైనా, కొత్తగా లేచిన గడ్డ ఏదైనా కనిపిస్తే ఫోటో తీసి, తేదీ రాసుకుని, ఆ వారంలోనే వైద్యుడికి చూపించండి.